నాఫ్తలీన్ ఫైల్లో 5 కార్బన్లే ఉన్నాయి, మిగతా 5 ఏవి?

మధుర_ఎమ్మెస్సీ | శుక్రవారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్నాను. చిన్న ఆరోమాటిక్ అణువులు స్ఫటికాల్లో ఎలా సర్దుకుంటాయన్నది నా ప్రాజెక్టు. మొదటి అడుగులోనే ఆగిపోయాను.

స్ఫటిక నిర్మాణాలు దాచే కేంబ్రిడ్జ్ డేటాబేస్ నుంచి నాఫ్తలీన్ సీఐఎఫ్ ఫైలు (పరమాణువుల స్థానాలు రాసి ఉండే ఫైలు) దించుకుని, స్ఫటికాన్ని బొమ్మగా చూపే మెర్క్యురీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. బొమ్మలో అణువు మొత్తం ఉంది. అదే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పరమాణువుల పట్టికలో 5 కార్బన్లు, 4 హైడ్రోజన్లే ఉన్నాయి. నాఫ్తలీన్‌కి 10 కార్బన్లు, 8 హైడ్రోజన్లు ఉండాలి కదా! సరిగా దిగలేదేమోనని మళ్లీ దించాను. అదే వచ్చింది.

రెండో సందేహం. ఆరోమాటిక్ వలయాలు పై-పై స్టాకింగ్‌తో నాణేల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయని క్లాసులో విన్నాను. ప్యాకింగ్ చూస్తే అలా లేదు. పక్కపక్క అణువులు ఒకటి ఇటు, ఒకటి అటు వాలి ఉన్నాయి. నేను ఎక్కడ పొరబడుతున్నాను? వచ్చే వారం వైవా, చాలా టెన్షన్‌గా ఉంది.

పాత_ఎక్స్‌రే | శుక్రవారం రాత్రి 9:50

ఫైలు బాగానే ఉందమ్మా. నువ్వు పట్టిక తెరిచి లెక్కపెట్టావు చూడు, అది మంచి పని. చాలామంది బొమ్మ చూసి ఊరుకుంటారు.

నాఫ్తలీన్‌లో రెండు వలయాలూ పంచుకునే బంధం ఉంటుంది కదా, దాని నట్టనడుమ ఒక చుక్క ఊహించుకో. ఏ పరమాణువు దగ్గర బయల్దేరినా, ఆ చుక్క మీదుగా తిన్నగా అవతలికి అంతే దూరం వెళ్తే అక్కడ అలాంటి పరమాణువే కనిపిస్తుంది. ఆ చుక్క విలోమ కేంద్రం. స్ఫటికానికీ ఇలాంటి కేంద్రాలు ఉంటాయి. నాఫ్తలీన్ అణువు సరిగ్గా అలాంటి ఒక కేంద్రం మీదే కూర్చుంటుంది. అందువల్ల సగం అణువు చెబితే చాలు, మిగతా సగాన్ని సౌష్ఠవమే పుట్టిస్తుంది. చుక్కల ముగ్గులో సగం వేసి, కాగితాన్ని సగం చుట్టు తిప్పి అదే గీత మళ్లీ గీస్తే ముగ్గు పూర్తవుతుంది చూడు, అలాగ. ఫైల్లో రాసి ఉన్న ఆ సగాన్ని అసిమెట్రిక్ యూనిట్ అంటారు.

నీ అంతట నువ్వే సరిచూసుకునే దారి కూడా ఉంది. నాఫ్తలీన్ స్పేస్ గ్రూపు, అంటే స్ఫటికం సౌష్ఠవానికి పెట్టిన పేరు, పి21/సి. అందులో సాధారణ స్థానాలు (ఒకటి చెబితే సౌష్ఠవం పుట్టించే నకళ్లతో కలిపి) 4. యూనిట్ సెల్‌లో, అంటే పదేపదే పేర్చితే స్ఫటికం అయ్యే చిన్న పెట్టెలో, అణువులు మాత్రం 2. నాలుగు చోట్లకి రెండు అణువులంటే చోటుకి సగం. సెల్‌లో రెండే ఉన్నాయని ఎలా తెలుస్తుందంటావా? సాంద్రత కట్టు. మామూలు ఉష్ణోగ్రతలో భుజాలు 8.24, 6.00, 8.66 ఆంగ్‌స్ట్రాములు, బీటా కోణం 122.9 డిగ్రీలు. ఘనపరిమాణం దాదాపు 359 ఘన ఆంగ్‌స్ట్రాములు వస్తుంది. రెండు అణువుల భారం 256.3. దాన్ని 1.66తో గుణించి (యూనిట్లు మార్చడానికి) 359తో భాగిస్తే ఘన సెంటీమీటరుకి 1.18 గ్రాములు. నాఫ్తలీన్ నీళ్లలో మునుగుతుంది, సరిపోయింది. అణువులు నాలుగు అనుకుంటే 2.37 వస్తుంది, అంటే గ్రాఫైట్ కన్నా బరువు! అది కుదరదు. ఒకటే అనుకుంటే 0.59, నీళ్ల మీద తేలిపోవాలి. అదీ కాదు. కాబట్టి రెండే.

కాగితం మీద ఒక్కసారి చేతితో ఈ లెక్క కట్టు. వైవాలో ఎవరు ఎటు తిప్పి అడిగినా తడబడవు.

లెక్కల_సుబ్బు | శుక్రవారం రాత్రి 10:05

సార్, నేను చూసిన పాత పేపర్లో పి21/ఎ అని ఉంది. మీరు పి21/సి అంటున్నారు. రెండు రకాల స్ఫటికాలా?

పాత_ఎక్స్‌రే | శుక్రవారం రాత్రి 10:12

ఒకటే బాబూ. రెండూ 14వ నంబరు స్పేస్ గ్రూపే. ఏ భుజాన్ని ఎ అన్నారు, దేన్ని సి అన్నారు అన్నదే తేడా. పేర్లు మార్చుకుంటే గ్లైడ్ (అద్దంలో బొమ్మ తీసి పక్కకి జరపడం) దిశ పేరూ మారుతుంది. నేనిచ్చిన 8.24, 6.00, 8.66 వరస నిజానికి పాత పద్ధతిది, పి21/ఎ ప్రకారం రాసింది. ఎ, సి లను అటూ ఇటూ మార్చితే పి21/సి అవుతుంది. పేపర్లు పోల్చేటప్పుడు ముందు ఇది చూసుకోవాలి. లేకపోతే కొత్త రూపం దొరికిందని పొరబడతాం.

రవళి_స్ఫటిక | శనివారం ఉదయం 7:31

మధురా, రెండో సందేహానికి నేను రాస్తాను. నా పీహెచ్‌డీ ఇదే పని.

బెంజీన్ వలయాన్ని చదునైన పళ్లెం అనుకో. పళ్లేనికి పైనా కిందా పై ఎలక్ట్రాన్ల మబ్బు, అక్కడ కాస్త రుణావేశం. అంచు వెంబడి హైడ్రోజన్లు, అక్కడ కాస్త ధనావేశం. రెండు పళ్లేలను సరిగ్గా ఒకదాని మీద ఒకటి పెడితే మబ్బుకి మబ్బు ఎదురవుతుంది, నెట్టుకుంటాయి. ఒక పళ్లేన్ని నిలబెట్టి దాని అంచు రెండోదాని ముఖానికి తగిలేలా పెడితే ధనానికి రుణం ఎదురవుతుంది. లేదంటే రెండూ సమాంతరంగానే ఉండి, ఒకటి కాస్త పక్కకి జరిగినా పని జరుగుతుంది. రెండే రెండు బెంజీన్లు తీసుకుని లెక్కిస్తే అంచు-ముఖం జంటకీ, పక్కకి జరిగిన జంటకీ బలం ఇంచుమించు ఒకటే, సుమారు 11 కిలోజౌళ్లు. నాణేల్లా సరిగ్గా పేర్చిన జంట ఆ రెండింటికన్నా బలహీనం.

నీకు కనబడుతున్న అమరిక పేరు హెరింగ్‌బోన్. హెరింగ్ ఒక చేప. వెన్నుముల్లుకి అటొకటి ఇటొకటి వాలిన ముళ్లలా ఉంటుందని ఆ పేరు. నాఫ్తలీన్‌లో పక్క అణువుల తలాల మధ్య కోణం సుమారు 52 డిగ్రీలు. ఆంత్రసీన్‌లోనూ దాదాపు అంతే. బెంజీన్‌లో దాదాపు లంబకోణం. అణువుల పొడవు వెంబడి కిందికి చూసేలా తిప్పితే చేపముల్లు స్పష్టంగా కనిపిస్తుంది, ప్రయత్నించు.

ఇంకో మాట. 'పై-పై స్టాకింగ్' అనే పదాన్ని వలయం కనబడిన ప్రతిచోటా వాడేస్తున్నారు. నాఫ్తలీన్ విషయంలో వైవాలో ఆ పదం వాడకు. 'సీ-హెచ్ అంచు పక్క అణువు ముఖానికి ఎదురుగా ఉంది' అని చెప్పు. దూరం, కోణం కొలిచి చెప్పు.

కోడ్_కెమిస్ట్ | శనివారం ఉదయం 9:02

రవళి గారూ, మీరు చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ విద్యార్థికి అసలు కారణం ఆవేశాలే అనిపించేలా ఉంది. అక్కడ నాకు అభ్యంతరం.

స్ఫటికాన్ని పట్టి ఉంచే శక్తిలో సింహభాగం డిస్పర్షన్‌ది, అంటే ఏ అణువుల మధ్యనైనా ఉండే లండన్ ఆకర్షణ బలాలది. నాఫ్తలీన్‌ను ఘనరూపం నుంచి ఆవిరి చేయడానికి మోల్‌కి 72, 73 కిలోజౌళ్లు కావాలి. బెంజీన్‌కి 45 దగ్గర. కార్బన్లు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. డిస్పర్షన్‌కి దిశతో పెద్దగా పని లేదు, దానికి కావలసింది దగ్గరితనం. ఎక్కువ పరమాణువులు ఎంత దగ్గరికి రాగలిగితే అంత మంచిది. సోవియట్ శాస్త్రవేత్త కిటాయ్‌గొరోద్‌స్కీ చెప్పింది ఇదే. ఒక అణువు ఉబ్బు పక్క అణువు గుంటలో దిగాలి, ఖాళీ మిగలకూడదు. సేంద్రియ స్ఫటికాల్లో అణువులు చోటులో 65 నుంచి 77 శాతం నింపుతాయని ఆయన చూపించాడు. ఆరోమాటిక్ అణువులు ఎక్కువగా పి21/సిలోకి వెళ్లడానికీ ఆయన ఇచ్చిన కారణం ఇదే. స్క్రూ అక్షం (సగం చుట్టు తిప్పి ముందుకి జరపడం), గ్లైడ్ తలం ఉంటే ఉబ్బు వెళ్లి గుంటలో కూర్చోవడం సులువు. అద్దం తలం ఉంటే ఉబ్బుకి ఉబ్బే ఎదురవుతుంది. డేటాబేస్‌లోని సేంద్రియ నిర్మాణాల్లో మూడో వంతు పైగా పి21/సి అయ్యాయంటే అది యాదృచ్ఛికం కాదు.

రవళి_స్ఫటిక | శనివారం ఉదయం 10:20

డిస్పర్షన్ పెద్దది అన్నది నేనూ ఒప్పుకుంటాను. అయితే దగ్గరగా సర్దుకునే పద్ధతులు ఒక అణువుకి పదుల కొద్దీ ఉంటాయి, వాటి శక్తులు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటిలో ఏది నెగ్గుతుందన్నది తేల్చేటప్పుడు చిన్న బలాలే పెద్ద మాట చెబుతాయి.

దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం హెక్సాఫ్లోరోబెంజీన్. అందులో అంచున హైడ్రోజన్ల బదులు ఫ్లోరిన్లు. ఆవేశాల తీరు తిరగబడుతుంది. అంచు రుణం, ముఖం ధనం. బెంజీన్ 5.5 డిగ్రీల దగ్గర కరుగుతుంది, హెక్సాఫ్లోరోబెంజీన్ కూడా సుమారు 5 దగ్గరే. రెండింటినీ సమానంగా కలిపితే 24 డిగ్రీల దాకా కరగని స్ఫటికం ఏర్పడుతుంది. ఇది 1960లో తెలిసింది. అందులో అణువులు ఒకటి విడిచి ఒకటిగా, మధుర ఊహించిన నాణేల దొంతరలాగే నిలువునా పేరుకుంటాయి. ఆకారాలు రెండింటివీ దాదాపు ఒకటే. మారింది ఆవేశాల తీరు, దానితోపాటే అమరికా మారిపోయింది. ఒక్క ఆకారంతోనే ఇది ఎలా చెబుతారు?

కోడ్_కెమిస్ట్ | శనివారం ఉదయం 10:41

ఇది గట్టి ఉదాహరణ, ఒప్పుకుంటున్నాను. 'ముందు ఆకారం, తర్వాత ఆవేశం' అన్న నా వరస ఇక్కడ పనిచేయదు. రెండూ ఒకేసారి లెక్కలోకి రావాలి. ఒక్క జంటను పట్టుకుని స్ఫటికం మొత్తం గురించి మాట్లాడకూడదు అన్నది మాత్రం వదలను. ఒక అణువు చుట్టూ పన్నెండు, పద్నాలుగు పొరుగులు ఉంటాయి. అందరితోనూ సర్దుబాటు కావాలి.

గోదారి_కెమిస్ట్రీ | శనివారం మధ్యాహ్నం 12:15

నేను డిగ్రీ పిల్లలకి పాఠాలు చెబుతాను. ఈ పాఠాన్ని ఎప్పుడూ రెండు కొలతలతో మొదలుపెడతాను, అందుకే రాస్తున్నాను.

నాఫ్తలీన్ భుజాలు పైన సార్ ఇచ్చారు. ఆంత్రసీన్‌వి 8.56, 6.04, 11.16. పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రెండూ ఇంచుమించు అవే. మూడోది మాత్రం 8.66 నుంచి 11.16కి పెరిగింది. తేడా 2.5 ఆంగ్‌స్ట్రాములు. ఆంత్రసీన్‌లో నాఫ్తలీన్ కన్నా ఎక్కువగా ఉన్నది ఒక్క వలయమే, దాని వెడల్పు దాదాపు అంతే! అంటే అణువులు పొడవుగా ఆ మూడో భుజం వెంబడే నిలబడి ఉన్నాయన్నమాట. 1921లో విలియం హెన్రీ బ్రాగ్ ఈ మాట పట్టుకున్నారు. అప్పటికి ఒక్క పరమాణువు స్థానం కూడా తెలియదు. కంప్యూటర్లు లేవు. సెల్ కొలతలు చూసి అణువు ఎటు నిలబడిందో చెప్పారు. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పిల్లలు అడిగే మరో ప్రశ్న, బెంజీన్ వలయం చదునుగా ఉంటుందని ఎలా తెలిసిందని. కాథ్లీన్ లాన్స్‌డేల్ 1928లో లీడ్స్‌లో హెక్సామిథైల్‌బెంజీన్ స్ఫటికంతో తేల్చారు. దాని సెల్‌లో అణువు ఒకటే, కాబట్టి లెక్క కాస్త తేలిక. వజ్రంలోలా వలయం మెలికలు తిరిగి ఉంటుందేమోనన్న అనుమానం అప్పటిదాకా ఉండేది. ఆరు కార్బన్లూ ఒకే తలంలో ఉన్నాయని ఆమె చూపించారు. ఆ స్ఫటికాలు ఆమెకి ఇచ్చింది ఇంగోల్డ్. ఆయన పేరు ఆర్గానిక్ మెకానిజమ్స్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

పాత_ఎక్స్‌రే | శనివారం మధ్యాహ్నం 3:40

మన దేశపు సంగతి కూడా రాయాలి. పాఠ్యపుస్తకాల్లో ఇది కనబడదు.

బ్రాగ్ తర్వాత నాఫ్తలీన్, ఆంత్రసీన్‌లలో పరమాణువుల స్థానాలు తేల్చే పని కలకత్తాలో జరిగింది. ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో రామన్ బృందానికి చెందిన కేదారేశ్వర్ బెనర్జీ 1930లో నేచర్ పత్రికలో ప్రకటించారు. 1933లో జె. ఎం. రాబర్ట్‌సన్ లండన్‌లో ఇంకా సూక్ష్మంగా కొలిచారు. పాఠాల్లో రాబర్ట్‌సన్ పేరు వస్తుంది, బెనర్జీ పేరు రాదు. రావాలి.

ఎక్స్‌రేలు లేకుండానే అణువు ఎటు వాలిందో కనుక్కున్నవారూ మనవాళ్లలో ఉన్నారు. ఆరోమాటిక్ వలయాన్ని అయస్కాంత క్షేత్రంలో పెడితే వలయం తలానికి లంబంగా ఉన్న దిశలో అది క్షేత్రాన్ని ఎక్కువగా వికర్షిస్తుంది. కాబట్టి స్ఫటికాన్ని సన్నని పోగుకి వేలాడదీసి అయస్కాంత ధ్రువాల మధ్య పెడితే అది తిరుగుతుంది. ఎంత బలంగా తిరుగుతుందో కొలిస్తే లోపల వలయాలు ఎంత వాలి ఉన్నాయో లెక్కగట్టవచ్చు. కె. ఎస్. కృష్ణన్ ఈ పద్ధతిని గొప్పగా పెంచారు. కృష్ణా జిల్లా నుంచి వెళ్లి రామన్ దగ్గర చేరిన సూరి భగవంతం 1929లో నాఫ్తలీన్ స్ఫటికాల మీద ఇదే రకమైన పరిశోధనను రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ప్రచురించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై దగ్గర. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎన్నో ఏళ్లు పనిచేశారు.

మధురా, నువ్వు ఇవాళ చూస్తున్న అణువునే ఆయన నీ వయసులో దారానికి కట్టి చూశారమ్మా.

మధుర_ఎమ్మెస్సీ | శనివారం సాయంత్రం 6:22

సార్, ఆ చివరి వాక్యం మా అమ్మకి చదివి వినిపించాను.

సాంద్రత లెక్క కట్టాను, 1.18 వచ్చింది. అణువుల పొడవు వెంబడి చూసేలా తిప్పితే చేపముల్లు కనబడింది అక్కా, చాలా స్పష్టంగా.

ఇప్పుడు ఇంకో సమస్య. ప్రాజెక్టుకి స్వయంగా స్ఫటికాలు పెంచాలి. బీరువాలో పెట్టే కలరా ఉండలు పొడి చేసి, ల్యాబ్‌లో అసిటోన్‌లో కరిగించి, బీకరు మూత లేకుండా వదిలేశాను. మర్నాటికి పలచని పొలుసుల్లాంటివి వచ్చాయి. వాటిని గాజు పళ్లెంలో ఎండబెట్టి సోమవారం చూద్దామని వెళ్తే పళ్లెం ఖాళీ. ఎవరూ తీయలేదని అటెండర్ చెప్పారు.

రవళి_స్ఫటిక | శనివారం సాయంత్రం 6:50

ఎవరూ తీయలేదు, గాలిలో కలిసిపోయాయి. నాఫ్తలీన్ ద్రవం కాకుండానే ఆవిరవుతుంది, బీరువాలో ఉండలు చిక్కిపోయినట్టే. పొలుసులు అంత పలచగా ఉంటే రెండు మూడు రోజులు చాలు. స్ఫటికం రాగానే మూత బిగించిన చిన్న సీసాలో పెట్టు. డిఫ్రాక్టోమీటర్ (స్ఫటికాన్ని ఎక్స్‌రేలతో కొలిచే యంత్రం) మీదికి ఎక్కించేటప్పుడు నూనె పూసి, నైట్రోజన్ ప్రవాహంలో 100 కెల్విన్ దగ్గర డేటా తీస్తారు. చల్లదనంలో ఆవిరి కాదు, పరమాణువుల ఊగిసలాటా తగ్గుతుంది.

బీకరు తెరిచి ఉంచితే అసిటోన్ గబగబా పోతుంది, స్ఫటికానికి నెమ్మదిగా పెరిగే తీరిక ఉండదు. అల్యూమినియం రేకు కప్పి సూదితో నాలుగైదు చిల్లులు పెట్టు. ఫ్యాన్ గాలి, కిటికీ ఎండ తగలని చోట కదపకుండా ఉంచు. రోజూ ఎత్తి చూడాలనిపిస్తుంది, చూడకు. పావు మిల్లీమీటరు స్ఫటికం దొరికితే చాలు.

గోదారి_కెమిస్ట్రీ | శనివారం రాత్రి 8:10

అమ్మా, కలరా ఉండలతో ప్రాజెక్టు చేయకు. బజారులో ఆ పేరుతో అమ్మేవన్నీ నాఫ్తలీన్ కాదు, కొన్ని పారా డైక్లోరోబెంజీన్. పైగా రంగులు, సెంట్లు కలుపుతారు. నీ దగ్గరున్నది ఏదో తెలుసుకోవాలంటే గ్లాసు నీళ్లలో ఉప్పు ఇక కరగనంత వరకూ కలిపి ఉండ వేయి. నాఫ్తలీన్ తేలుతుంది, డైక్లోరోబెంజీన్ మునుగుతుంది. ఉత్త నీళ్లలో రెండూ మునుగుతాయి.

ల్యాబ్ సీసాలోని స్వచ్ఛమైన నాఫ్తలీన్ అడిగి తీసుకో. ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యి, ఇంట్లో వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకి దీని ఆవిరి కూడా ప్రమాదం, రక్తకణాలు పగిలిపోతాయి.

లెక్కల_సుబ్బు | శనివారం రాత్రి 8:31

పొలుసులే ఎందుకు వస్తాయి? ఘనాకారంలో ఎందుకు రావు?

కోడ్_కెమిస్ట్ | శనివారం రాత్రి 9:00

మంచి ప్రశ్న. చేపముల్లు అమరిక (పైన సార్ ఇచ్చిన పాత వరస ప్రకారం) ఎ, బి భుజాల తలంలో పరుచుకుని ఉంటుంది. ఆ పొరలో ప్రతి అణువుకీ పక్కవాటితో అంచు-ముఖం పట్టు గట్టిగా ఉంది. ఒక పొరకీ దాని పై పొరకీ మధ్య మాత్రం అణువుల కొసల హైడ్రోజన్లే ఎదురెదురు, పట్టు తక్కువ. కొత్త అణువు వచ్చి పొర అంచున చేరడం లాభం, పొర మీద చేరడం అంత లాభం కాదు. అందుకే వెడల్పుగా, పలచగా పెరుగుతుంది. బ్లేడుతో తాకితే ఆ తలం వెంబడే రేకులుగా చీలుతుంది. మైక్రోస్కోపు కింద చూడండి. కంటికి కనబడే ఆ పెద్ద ముఖం ఎ-బి తలమే.

ఫార్మా_నాగులు | ఆదివారం ఉదయం 8:05

నిన్నటి నుంచీ చదువుతున్నాను. నేను హైదరాబాద్‌లో ఫార్ములేషన్ వైపు పనిచేస్తాను. ఈ చదువు ఉద్యోగానికి పనికొస్తుందా అని ఎవరైనా అనుకుంటుంటే, వాళ్ల కోసం ఒక్క ఉదాహరణ.

పారాసిటమాల్ కూడా చిన్న ఆరోమాటిక్ అణువే. ఒక వలయం, అటొక గుంపు, ఇటొక గుంపు. దానికి బాగా తెలిసిన రూపాలు రెండు. మొదటి రూపంలో హైడ్రోజన్ బంధాలతో కట్టిన పొరలు కుచ్చిళ్లలా మడతలు పడి ఉంటాయి. నొక్కితే పొర మీద పొర జారదు, అందుకే పొడిని ఉత్తినే నొక్కితే మాత్ర నిలవదు, పైపెంకు ఊడొస్తుంది. బైండర్ కలపాలి. రెండో రూపంలో పొరలు చదును. జారతాయి, చక్కగా మాత్ర అవుతుంది. కానీ స్థిరమైనది మొదటిదే, రెండోది వీలు దొరికితే దానిలోకి మారిపోతుంది. కాబట్టి బజారులో దొరికే మాత్రల్లో ఉన్నది మొదటి రూపమే. అదే అణువు, అదే మందు. అమరిక ఒక్కటి మారితే యంత్రం దగ్గర మా పని మొత్తం మారిపోతుంది.

కొత్త బ్యాచ్ పౌడర్ ఎక్స్‌రేలో లేని చోట ఒక చిన్న శిఖరం కనబడిన రోజు మాకు నిద్ర ఉండదు. మీ పిల్లలెవరైనా స్పేస్ గ్రూపులు బోర్ అంటే మా దగ్గరకి పంపండి, చూపిస్తాను.

మధుర_ఎమ్మెస్సీ | ఆదివారం ఉదయం 11:18

నాగులు గారూ, ఇది నా రిపోర్టు ముందుమాటలో రాసుకోవచ్చా? పేరు లేకుండానే.

ఇంకొక్క సందేహం. ఆరోమాటిక్ అణువులన్నీ చేపముల్లేనా? పైరీన్ ఫైలు తెరిస్తే కొంచెం వేరేగా ఉంది. రెండేసి అణువులు జంటగా ఉన్నాయి.

రవళి_స్ఫటిక | ఆదివారం మధ్యాహ్నం 12:02

జంటలు నీ అంతట నువ్వే గమనించావు, చాలా సంతోషం.

దీనికి హైదరాబాద్‌తోనే సంబంధం ఉంది. గౌతమ్ దేశిరాజు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దాదాపు 30 ఏళ్లు పనిచేశారు. క్రిస్టల్ ఇంజనీరింగ్ అనే రంగం ఇవాళ ఇంతగా ఎదగడంలో ఆయనది పెద్ద చెయ్యి. 1989లో ఆయన, ఇటలీకి చెందిన గావెజోట్టి కలిసి ఇలాంటి హైడ్రోకార్బన్ల నిర్మాణాలన్నీ పక్కన పెట్టి చూసి నాలుగు రకాలని తేల్చారు. ఏ రకమో పట్టడానికి యూనిట్ సెల్‌లో అన్నింటికన్నా పొట్టి భుజం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నాఫ్తలీన్‌లో అది 6.0, మామూలు చేపముల్లు. పైరీన్‌లో సుమారు 8.5. ఎందుకంటే చేపముల్లులో ఒక్కో ముల్లు స్థానంలో రెండేసి అణువుల జంట ఉంది, జంటలో తలాల మధ్య సుమారు మూడున్నర ఆంగ్‌స్ట్రాములు. కొరోనీన్‌లో 4.7. అక్కడ అణువులు దొంతరలుగానే ఉంటాయి, పక్క దొంతర మాత్రం అటు వాలి ఉంటుంది. దీన్ని గామా అన్నారు. ఇంకా పెద్ద పళ్లేల్లాంటి కొన్ని అణువుల్లో అది 4 దగ్గరికి దిగుతుంది, అన్నీ దాదాపు సమాంతర పొరలే, ఇది బీటా.

కారణం ఆలోచించు. అణువు సన్నగా పొడవుగా ఉంటే కార్బన్లతో పోలిస్తే అంచు హైడ్రోజన్లు ఎక్కువ, అంచు-ముఖం పట్టు గెలుస్తుంది. గుండ్రని పెద్ద పళ్లెం అయితే లోపలి కార్బన్లు ఎక్కువ, అంచు తక్కువ. కార్బన్‌కి కార్బన్ ఎదురుపడే అమరిక గెలుస్తుంది. నీ ప్రాజెక్టుకి ఈ నాలుగింటిలో ఒక్కోదానికి ఒక్కో అణువు తీసుకుంటే సరిగ్గా సరిపోతుంది.

బెర్లిన్_తెలుగు | ఆదివారం మధ్యాహ్నం 2:47

నేను ఆర్గానిక్ ట్రాన్సిస్టర్లు చేస్తాను, మాకు ఇది రోజువారీ గొడవ. ఐదు వలయాల పెంటసీన్ కూడా చేపముల్లే. విద్యుత్తు ఒక అణువు నుంచి పక్కదానికి దూకాలంటే ముఖాలు ఒకదాని మీద ఒకటి బాగా కప్పుకోవాలి. అందుకని పెంటసీన్ నడుముకి అటూ ఇటూ సిలికాన్ ఉన్న బరువైన గుంపులు తగిలించారు, దీన్ని టిప్స్ పెంటసీన్ అంటారు. గుంపులు అడ్డుపడడంతో అంచు వెళ్లి ముఖానికి తగలలేదు. అణువులు గోడలో ఇటుకల్లా, ఒకటి రెండింటి మీద కొంచెం కొంచెం కప్పుతూ సర్దుకున్నాయి. పైగా ద్రావణంలో చక్కగా కరుగుతుంది, పూతలా పూయవచ్చు.

లెక్కల_సుబ్బు | ఆదివారం సాయంత్రం 5:30

ఆంత్రసీన్, ఫినాంత్రీన్ రెండింటికీ ఫార్ములా ఒకటే కదా. ఒకటి 216 దగ్గర, ఇంకొకటి 100 దగ్గర కరుగుతాయి. ఇదీ ప్యాకింగేనా?

పాత_ఎక్స్‌రే | ఆదివారం సాయంత్రం 6:15

చాలావరకు అదే. ఆంత్రసీన్ తిన్నని పలక, మధ్యలో విలోమ కేంద్రం ఉంది, తలక్రిందులు చేసినా అదే ఆకారం. ఫినాంత్రీన్ వంగిన కొడవలి, దానికి ఆ కేంద్రం లేదు. సౌష్ఠవం ఎక్కువ ఉన్న ఐసోమర్ (అదే ఫార్ములా, వేరే ఆకారం ఉన్న అణువు) ఎక్కువ వేడికి కరుగుతుందని 19వ శతాబ్దంలోనే కార్నెల్లీ గమనించాడు. జైలీన్లు చూడు. పారా 13 డిగ్రీలు, ఆర్తో మైనస్ 25, మెటా మైనస్ 48. మరుగు స్థానాలు మాత్రం మూడింటికీ దగ్గరదగ్గరే. ద్రవంలో అమరిక లేదు కాబట్టి అక్కడ తేడా కనబడదు. స్ఫటికం రాగానే బయటపడుతుంది.

మధుర_ఎమ్మెస్సీ | బుధవారం రాత్రి 8:55

అందరికీ ఒక కబురు. ల్యాబ్ నాఫ్తలీన్, రేకు మూత, ఐదు చిల్లులు, నాలుగు రోజులు చూడకుండా ఉన్నాను. చిన్న వేలి గోరంత వెడల్పున్న పలక ఒకటి, దాని పక్కన చిన్నవి ఏడు వచ్చాయి. పెద్దదాన్ని బ్లేడుతో తాకాను. కోడ్_కెమిస్ట్ గారు చెప్పినట్టే రేకుగా ఊడి వచ్చింది. చిన్నవాటిని సీసాలో బిగించి పెట్టాను, శుక్రవారం డేటా తీస్తామన్నారు.

వైవా ఇవాళే అయింది. మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా సార్? "జెడ్ విలువ (సెల్‌లో అణువుల సంఖ్య) 2 అంటే నీకేం తెలుస్తుంది?" బోర్డు మీద సాంద్రత లెక్క కట్టి చూపించాను.

పాత_ఎక్స్‌రే | బుధవారం రాత్రి 9:03

శుభం తల్లీ. సెల్ కొలతలు రాగానే ఇక్కడ పెట్టు. 100 కెల్విన్‌లో తీస్తారు కాబట్టి నేనిచ్చిన వాటికన్నా కాస్త చిన్నగా వస్తాయి. మూడు భుజాలూ సమానంగా కుదించుకున్నాయా, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అన్నది చూసి చెప్పు.